మింగుడు పడుతోంది, మరి జబ్బు పోయిందా?

అన్నవాహిక క్యాన్సర్‌కు కీమో ఎక్కించి, కరెంటు పెట్టడం కూడా పూర్తయిన కొన్ని వారాలకు చాలా ఇళ్లల్లో ఒకే ప్రశ్న పుడుతుంది. "ఇడ్లీ తింటున్నాడు, మెత్తన్నం దిగుతోంది. ఇంకా ఆపరేషన్ ఎందుకండీ?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మొన్నటిదాకా మంచినీళ్లు కూడా దిగని మనిషి కంచం ముందు కూర్చుంటే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. కానీ దారి తెరుచుకోవడం వేరు, గోడలో జబ్బు చచ్చిపోవడం వేరు. గడ్డ సగం కరిగినా ముద్ద దిగుతుంది. మిగిలిన సగం సంగతి మింగుడు చెప్పదు.

ఆపరేషన్ చిన్నదైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. ఇది చిన్నది కాదు. అన్నవాహికలో చాలా భాగం తీసేసి, పొట్టను గొట్టంలా మలిచి ఛాతీలోకి, ఒక్కోసారి మెడ దాకా లాగి అతికిస్తారు. ఆ తర్వాత జీవితమంతా కొంచెం కొంచెంగా పలుమార్లు తినాలి, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. కోలుకోవడానికి నెలలు పడుతుంది. అతుకు ఊడినా, ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ సోకినా ప్రాణం మీదికి వస్తుంది.

మరి అందరికీ అది అవసరమా? నెదర్లాండ్స్‌లో జరిగిన క్రాస్ అనే ట్రయల్ ఫలితాలు 2012లో వెలువడ్డాయి. అయిదు వారాలపాటు వారానికోసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మందులు ఎక్కించి, వాటితోపాటు 23 సిట్టింగుల రేడియేషన్ ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేశారు. తీసిన భాగాన్ని ల్యాబ్‌లో పలచగా కోసి చూస్తే 29 శాతం మందిలో ఒక్క క్యాన్సర్ కణం కూడా మిగల్లేదు. స్క్వామస్ రకం జబ్బు ఉన్నవాళ్లలోనైతే అది 49 శాతం. మన దేశంలో అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈ స్క్వామస్ రకమే. పొగాకు, మద్యం దీనికి ముఖ్య కారణాలు. అందుకే ఆ ప్రశ్న అక్కడివాళ్ల కంటే మనకే ఎక్కువ సంబంధించినదని నేననుకుంటాను.

చిక్కల్లా ఒకటే. జబ్బు పూర్తిగా పోయిందని తెలిసింది ఆపరేషన్ అయ్యాక. కోయకముందే తెలుసుకునే దారి కావాలి.

సీటీ స్కాన్ చూసేది గోడ మందాన్ని. రేడియేషన్ తర్వాత గోడ వాచి, ఆపైన మచ్చకట్టి గట్టిపడుతుంది. జబ్బు ఉన్నా మందమే, మానినా మందమే. పెట్ స్కాన్ చక్కెర ఎక్కువగా తాగే కణాలను పట్టుకుంటుంది కానీ, రేడియేషన్ వల్ల పుండుబడిన అన్నవాహిక కూడా చక్కెర బాగానే తాగుతుంది. జబ్బు లివర్‌కో ఊపిరితిత్తులకో కొత్తగా పాకిందా అని వెతకడంలో మాత్రం పెట్‌దే పైచేయి. ఎండోస్కోపీ చేసి ముక్క తీసి పరీక్షించడం అన్నిటికన్నా నమ్మకమైనది. అయితే చికిత్స తర్వాత లోపలి పొర శుభ్రంగా మాని, దాని కింద కండర పొరల్లో జబ్బు దాక్కుని ఉండొచ్చు. పైపైన గిల్లిన ముక్కకు అది అందదు. డచ్ వైద్యుల ప్రీసానో అధ్యయనం 2018లో ఈ సంగతిని లెక్కగట్టి చూపింది. మామూలు పద్ధతిలో ముక్కలు తీస్తే, జబ్బు గణనీయంగా మిగిలిన వాళ్లలో 31 శాతం మందిది కంటబడలేదు. తీసిన చోటే మళ్లీ లోతుగా ఇంకో ముక్క తీసి, అనుమానం ఉన్న లింఫ్ గ్రంథులకు సూది వేసి చూస్తే ఆ పొరపాటు 10 శాతానికి తగ్గింది.

ఇక ఎంఆర్ఐ. ఇందులో ఎక్స్‌రేలు ఉండవు. అయస్కాంతం, రేడియో తరంగాలు, మన ఒంట్లోని నీరు, వీటితోనే బొమ్మ తయారవుతుంది. చికిత్స ఎంతవరకు పనిచేసిందో చెప్పడానికి అందులో పనికొచ్చేది ముఖ్యంగా డిఫ్యూజన్ అనే విధానం. నీటి అణువులు ఒకచోట నిలవవు, ఎప్పుడూ అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. క్యాన్సర్ గడ్డలో కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి కాబట్టి వాటి మధ్య నీటికి తిరిగే చోటు దొరకదు. తిరనాళ్ల రోజు రథం దగ్గర ఇరుక్కున్న మనిషి అడుగు తీసి అడుగు వేయలేడు. జనం పలచబడితే ఎటైనా నడుస్తాడు. కీమో, రేడియేషన్ దెబ్బకు కణాల పొరలు పగిలి గుంపు పలచబడితే నీటి కదలిక పెరుగుతుంది. ఆ కదలికను కొలిచే అంకెను ఏడీసీ అంటారు. గడ్డ సైజు తగ్గకముందే ఈ అంకె పెరగడం మొదలవుతుంది. నా దృష్టిలో ఈ పరీక్ష విలువంతా అక్కడే ఉంది.

బొమ్మలో అది ఇలా కనిపిస్తుంది. జబ్బు కణాలు కిక్కిరిసిన చోటు డిఫ్యూజన్ చిత్రంలో తెల్లగా మెరుస్తుంది, ఏడీసీ పటంలో అదే చోటు నల్లగా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. కొన్నిసార్లు ఉత్త వాపు కూడా మొదటి దాంట్లో మెరుస్తుంది; రెండో దాంట్లో నల్లగా లేకపోతే అది వాపేనని రేడియాలజిస్టు గ్రహిస్తాడు. వైద్యానికి ముందు 1.2 ఉన్న ఏడీసీ రెండు మూడు వారాలకు 1.6 అయిందనుకోండి, మూడో వంతు పెరిగినట్టు. 1.2 నుంచి 1.25కే వచ్చి ఆగితే, మందు ఆ గడ్డ మీద గట్టిగా పనిచేయడం లేదేమోనని అనుమానించాలి. ఒక అంకె చూసి ఏమీ తేల్చలేం. ముందు, మధ్యలో, చివర తీసిన అంకెల మధ్య తేడాయే మాట్లాడుతుంది. చికిత్స మొదలుకాకముందు ఎంఆర్ఐ తీయకపోతే తర్వాత తీసినదాన్ని పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయ వైద్యశాల బృందం 2015లో 20 మంది రోగులతో దీన్ని పరీక్షించింది. జబ్బు పూర్తిగా పోయినవాళ్లలో చికిత్స మొదలైన రెండు మూడు వారాల్లోనే ఏడీసీ ఎక్కువగా పెరిగింది. ఇరవై మంది అంటే చిన్న సంఖ్య. అందుకే తర్వాత ప్రైడ్ పేరుతో, పలు ఆసుపత్రుల రోగులను కలుపుకుని, డిఫ్యూజన్‌కు తోడు రంగు మందు ఎక్కించి తీసే ఎంఆర్ఐని, పెట్‌ను కూడా జోడించి పెద్ద అధ్యయనం తలపెట్టారు. చికిత్స పూర్తయ్యాక తీసిన ఎంఆర్ఐల మీద ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వైద్యులూ పనిచేశారు. మిగిలిపోయిన జబ్బును ఎంఆర్ఐ చాలావరకు పట్టుకుంటోందనీ, కాకపోతే జబ్బు లేనివాళ్లలో కూడా పలువురిని అనుమానిస్తోందనీ వాళ్ల పనిలో తేలింది. మచ్చకూ జబ్బుకూ మధ్య గీత గీయడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ కష్టానికి అన్నవాహిక ఉన్న చోటు కూడా కారణమే. ముందు శ్వాసనాళం, గుండె, పక్కనే బృహద్ధమని, ఇరుపక్కలా గాలి నిండిన ఊపిరితిత్తులు. గాలీ మాంసమూ కలిసే సరిహద్దులో డిఫ్యూజన్ చిత్రం వంకర పోతుంది. ఊపిరి, గుండె కొట్టుకోవడం, గుటక, మూడూ బొమ్మను కదిలిస్తాయి. అందుకే రోగి పొట్ట మీద బెల్టు కట్టి, ఊపిరి వదిలిన క్షణంలోనే చిత్రం తీసుకునేలా యంత్రాన్ని అమరుస్తారు. అరగంట, ముప్పావు గంట వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. గొంతులోకి పులుపు తన్నుకొచ్చే మనిషికి, నోట్లో ఉమ్మి ఊరుతున్న మనిషికి ఇది తేలిక కాదు. ఊపిరి ఒకే తీరున తీయమనీ, చిత్రం తీస్తున్నంతసేపూ వీలైనంతవరకు గుటక వేయొద్దనీ టెక్నీషియన్ ముందే నెమ్మదిగా చెబితే బొమ్మ మెరుగ్గా వస్తుంది. ఈ చిన్న పనికి రెండు నిమిషాలు వెచ్చించే స్కాన్ సెంటర్లు మనకు ఇంకా ఎక్కువ కావాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆపరేషన్‌ను ఆపి కనిపెట్టుకుని ఉండొచ్చా? డచ్ ఆసుపత్రుల్లో జరిగిన సానో ట్రయల్ దీనికి కొంత జవాబిచ్చింది. చికిత్స తర్వాత పరీక్షల్లో జబ్బు ఆనవాలు కనబడని 309 మందిలో కొందరికి ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లను దగ్గరగా గమనిస్తూ వచ్చారు. రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు గమనించిన జట్టులో 74 శాతం, ఆపరేషన్ జట్టులో 71 శాతం. అయితే గమనించిన వాళ్లలో దాదాపు సగం మందికి జబ్బు అదే చోట తిరిగి మొలిచింది. వాళ్లలో చాలామందికి అప్పుడు కత్తి తప్పలేదు. మళ్లీ మళ్లీ ఎండోస్కోపీ, లోతైన ముక్కలు, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, పెట్ స్కాన్ చేస్తూ పోవడం వల్లే దాన్ని వేళకు పట్టగలిగారు. "నాకు బాగానే ఉంది" అని ఊరికి వెళ్లిపోయి ఏడాదికి తిరిగొచ్చే మనిషికి ఆ 74 శాతం వర్తించదు. ఆ ట్రయల్‌లో ఆపరేషన్ ఆపాలా వద్దా అన్నది ఎంఆర్ఐ మీద ఆధారపడి తేల్చలేదని కూడా గుర్తుంచుకోవాలి.

కాబట్టి ఇవాళ్టికి ఎంఆర్ఐ తోడు సాక్షి మాత్రమే. "ఎంఆర్ఐ క్లీన్‌గా ఉంది" అన్న ఒక్క మాట మీద ఆపరేషన్ మానుకోవద్దు. అలాగే రిపోర్టులో "అనుమానం" అన్న మాట కనబడగానే గుండెలు బాదుకోనక్కర్లేదు. ముక్క పరీక్ష అయ్యేదాకా అది అనుమానమే.

స్కాన్ రాయించుకున్న ఇంటివాళ్లు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. రేడియేషన్ ముగిసిన తేదీ స్కాన్ కోసం డాక్టరు ఇచ్చే కాగితం మీద రాయించాలి, ఎందుకంటే ఆరు వారాలకు కనబడే వాపుకూ పన్నెండు వారాలకు కనబడేదానికీ అర్థం వేరు. వీలైనంతవరకు మొదటి స్కాన్ తీసిన యంత్రంలోనే రెండోదీ తీయించాలి. యంత్రం మారితే ఏడీసీ అంకెలు మారతాయి. పాత సీడీ వెంట తీసుకెళ్లాలి, ఫిల్ములు చాలవు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, అన్నవాహికలో లోహపు స్టెంట్ వేసి ఉన్నా ముందే చెప్పాలి. స్టెంట్ ఉన్నచోట డిఫ్యూజన్ బొమ్మ చెడిపోతుంది. రంగు మందు ఎక్కిస్తామంటే కిడ్నీల పనితీరు చెప్పే ఇటీవలి క్రియాటినిన్ రిపోర్టు చూపించాలి. డిఫ్యూజన్ ఒక్కటే అయితే ఆ మందు అవసరం లేదు, ఆ సంగతి డాక్టరుగారిని అడిగి తెలుసుకోవచ్చు.