పేనుకొరుకుడు – పేను చేయని నేరం

బిలాస్‌పూర్ రైల్వే కేంద్రంలోను, ఆ జిల్లాకే చెందిన మస్తూరీ వంటి చోట్లను బడిపిల్లలు భిన్న భాషలు మాట్లాడే ఇండ్ల నుండి వస్తారు. రైల్వే కొలువుల వలన అక్కడ స్థిరపడిన తెలుగువారు తమ భాషతోపాటు వ్యాధుల పేర్లను కూడ తీసుకొనిపోయారు. అటువంటి పేర్లలో ఒకటి పేనుకొరుకుడు. తలపై రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు రాలి, చర్మం నున్నబడడమే దీని లక్షణం. ఆయుర్వేద గ్రంథాలు దీనిని ఇంద్రలుప్తమన్నాయి; నేటి వైద్యులు అలోపీషియా ఏరియేటా అంటారు. పేనుకు గాని, మరే పురుగుకు గాని దీనితో సంబంధం లేదు. ఇది అంటువ్యాధి కాదు. నూటికి సుమారు ఇద్దరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది.

దీనికి కారణం మన శరీర రక్షణ వ్యవస్థయే. పెరుగుతున్న వెంట్రుక కుదురుకు సహజంగా ఒక ప్రత్యేక రక్షణ ఉన్నది. అక్కడి కణాలు తమ గుర్తింపు చిహ్నాలను అతి తక్కువగా వెలిబుచ్చుతాయి. తెల్ల రక్తకణాలను శాంతింపజేసే రసాయనాలను స్రవిస్తాయి. ఈ రక్షణ సడలినపుడు చిహ్నాలు బయటపడతాయి. అపుడు టి-లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు కుదురును శత్రువుగా భ్రమించి, తేనెటీగల వలె ముసురుకొంటాయి. అవి విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్-గామా కుదురు కణాలను రెచ్చగొట్టగా, ఆ కణాలు ఇంటర్‌ల్యూకిన్-15 ను స్రవించి టి-కణాలను మరింత బలపరుస్తాయి. వెంట్రుక పెరుగుదల అర్ధాంతరంగా ఆగి, అది రాలిపోతుంది.

అయితే కుదురు పైభాగాన ఉండే మూలకణాలు సాధారణంగా నశించవు. అందుచేతనే చాలమందికి చిన్న మచ్చలు ఏడాదిలోగా తిరిగి నిండుతాయి. మొదట తెల్ల వెంట్రుకలు మొలవడం కద్దు. ఆ రసాయన సంకేతాలను కణం లోపలికి చేరవేసే జానస్ కైనేజ్ ఎంజైములను అడ్డుకొంటే వెంట్రుకలు తిరిగి మొలుస్తాయని 2014 లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ తరగతికి చెందిన బారిసిటినిబ్‌ను తీవ్రమైన వ్యాధిగల వయోజనులకు వాడుటకు 2022 లో అమెరికా అనుమతించింది. ఇది అంటురోగాలను ఎదిరించే శక్తిని తగ్గించగలదు గనుక, క్షయ పరీక్ష జరిపిన పిమ్మట వైద్య పర్యవేక్షణలోనే వాడవలెను.

తలకు వచ్చే తామర మాత్రం అంటుకొనేదే. అందులో సాధారణంగా పొట్టు రాలుతుంది, దురద ఉంటుంది; దాని చికిత్స వేరు. ఈ భేదాన్ని వైద్యుడు నిర్ణయించవలెను. పచ్చి వెల్లుల్లి రుద్దితే చర్మం కాలి పుండ్లు పడవచ్చును. పేనుకొరుకుడు వచ్చిన బిడ్డను వేరే బల్లపై కూర్చుండబెట్టుటకు ఏ కారణమూ లేదు. ఆ బిడ్డ తల దువ్వెనలో దోషం లేదు, ఇంటి శుభ్రతలో లోపం లేదు. ఈ మాట ఉపాధ్యాయుడు తరగతిలో, పిల్లలందరికీ తెలిసిన భాషలో చెప్పగలిగితే, మందు పనిచేయకముందే ఆ బిడ్డ బాధ సగం తీరుతుంది.