వెబ్ పేజీలో వంశవృక్షం

వెబ్‌సైట్లలో సమాచారం డేటాబేస్‌లో ఉంటే, దానిని పేజీ మీద ఏ ఆకారంలో చూపాలో నిర్దేశించే నమూనా ఫైలును టెంప్లేట్ అంటారు. జిల్లా, మండలం, గ్రామం వంటి సమాచారంలో అంచెలు ఎన్నో ముందే తెలుసు కాబట్టి, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపులను ఒకదానిలో ఒకటి మూడు రాస్తే టెంప్లేట్ పని ముగుస్తుంది. తండ్రి వైపు వరుసను మాత్రమే తీసుకుని రాసిన వంశవృక్షంలోనైనా ఆ వీలు లేదు. ఒక శాఖ రెండు తరాలకే ఆగిపోగా మరొకటి పది తరాల దాకా సాగవచ్చు గనుక, ఎన్ని లూపులు కావాలో ముందుగా నిర్ణయించడం అసాధ్యం.

ఇక్కడ ఆదుకునేది రికర్షన్, అంటే ఒక పని తనలో భాగంగా తననే తిరిగి పిలుచుకోవడం. వ్యక్తి పేరు రాసి, సంతానం ఉంటే వారిలో ప్రతి ఒక్కరికీ ఇదే టెంప్లేట్‌ను వర్తింపజేయమని చెబితే చాలు, సంతానం లేని చోట ఆ పని దానంతటదే ఆగుతుంది. పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవారు వాడే జింజా అనే టెంప్లేట్ వ్యవస్థలో లూప్‌కు ‘రికర్సివ్’ అనే మాట జోడిస్తే ఈ సౌకర్యం కలుగుతుంది. జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో టెంప్లేట్ ఫైలు ‘ఇన్‌క్లూడ్’ ఆదేశంతో తనను తానే చేర్చుకుంటుంది.

అయితే అసలు చిక్కు డేటాబేస్‌ను అడిగే తీరులో ఉంది. సాధారణంగా డేటాబేస్ పట్టికలో ప్రతి వ్యక్తికీ కేటాయించిన వరుసలో తండ్రి గుర్తింపు సంఖ్య మాత్రమే ఉంటుంది కాబట్టి, టెంప్లేట్ ఒక్కొక్కరి దగ్గర ఆగి పిల్లలెవరని అడిగితే వెయ్యి మంది ఉన్న వృక్షానికి వెయ్యి ప్రశ్నలు పడి పేజీ నత్తనడక నడుస్తుంది. డేటాబేస్‌ను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ భాష 1999 ప్రమాణంలో చేరిన రికర్సివ్ ప్రశ్న వృక్షమంతటినీ ఒక్కసారే తెస్తుంది. డేటాబేస్ నిపుణుడు జో సెల్కో ప్రచారంలోకి తెచ్చిన నెస్టెడ్ సెట్ పద్ధతిలోనైతే వృక్షాన్ని చుట్టివస్తూ ప్రతి వ్యక్తికీ ప్రవేశించేటప్పుడు ఒకటి, వదిలి వచ్చేటప్పుడు ఒకటి చొప్పున రెండు సంఖ్యలు ఇస్తారు. ఒకరి సంఖ్యలు 4, 11 అయితే 5 నుంచి 10 వరకు సంఖ్యలున్న ముగ్గురూ అతని వారసులేనని ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. కొత్త పేరు చేరినప్పుడల్లా అనేక వరుసల సంఖ్యలు మార్చవలసి వస్తుంది గనుక, తరచూ మారే సమాచారానికి ఈ పద్ధతి తగదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా, అంచెలను ఖాళీలతోనో అంచు దూరంతోనో సూచించి ఊరుకోరాదు. జాబితాలోని అంశం లోపలే మరో జాబితాను పెట్టే హెచ్‌టీఎంఎల్ నిర్మాణాన్ని వాడితే, చూపులేని పాఠకులకు పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎవరు ఎవరి కింద ఉన్నారో చెప్పగలుగుతుంది. టెంప్లేట్ రాసేవారు ఈ నియమాన్ని మొదటి రోజు నుంచే పాటించాలి.