భూగర్భ సర్వే – ఇనుప కొండలు – నీరు

ఒక కొండలో ఇనుము ఉన్నదని తెలిసినంత మాత్రాన అక్కడ ఉక్కు తయారు కాదు. ఆ ఖనిజము ఎంత ఉన్నది, దాని నాణ్యము ఎట్టిది, బొగ్గు ఎంత దూరాన దొరుకుతుంది, నీరు ఏ నదినుండి రావలెను అనే ప్రశ్నలకు ముందుగా సమాధానాలు కావలెను. ప్రభుత్వాలు భూగర్భ సర్వేలు జరిపించుటలోని ముఖ్యోద్దేశాలలో ఇది ఒకటి. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మన దేశంలో జరిగిన ఒక వృత్తాంతము సర్వే విలువ ఏమిటో, దాని హద్దు ఎక్కడో చక్కగా తెలుపుతుంది.

భారత భూగర్భ సర్వే శాఖ 1851లో కలకత్తాలో థామస్ ఓల్డ్‌హామ్ నాయకత్వాన ఏర్పడినది. మొదట దాని ప్రధానమైన పని నేలబొగ్గును వెదకుట. కాలక్రమాన ఇతర ఖనిజాల పరిశీలన కూడా ఆ శాఖ చేపట్టినది. చలికాలము రాగానే శాఖవారు డేరాలతో అడవులకు బయలుదేరేవారు. సుత్తి, దిక్సూచి, రాతిపొరల వాలును కొలిచే వాలుమాపకము, ఒక మైలును ఒక అంగుళముగా చూపే పటము – ఇవే వారి ముఖ్య సాధనాలు. కొండ చరియలలో, వాగు గట్లలో బయటపడిన రాయిని కొట్టి చూచి, పొర ఏ దిక్కుగా సాగుతున్నదో, ఎంత వాలుగా దిగుతున్నదో పటముమీద గుర్తించేవారు. అడవి గ్రామాలలో ఇనుము కరిగించేవారు పారవేసిన చిట్టెపు దిబ్బలు కూడా దారి చూపేవి. ఆ పనివారికి తెలియని ఖనిజాన్ని కొత్తగా కనుగొన్నామని చెప్పుకొనుట చాలాచోట్ల సరికాదు. సర్వే చేసినది వేరొకటి: వారికి తెలిసినదానిని కొలిచి, పటముమీదికి ఎక్కించి, దూరాననున్నవారికి కూడా తెలియజేసినది.

ఈ శాఖలో 1880లో చేరిన ప్రమథనాథ బోసు 1887లో మధ్య పరగణాలలోని దల్లీ–రాజహరా కొండల ఇనుప ఖనిజమును గూర్చి వ్రాసినాడు. ఆ నివేదిక పదునారేండ్లు నిరుపయోగముగా ఉండిపోయినది. ఉక్కు కర్మాగారము నెలకొల్పవలెనని జంషెట్జీ టాటా సంకల్పించిన తరువాత, 1903–04 ప్రాంతంలో ఆయన కుమారుడు దొరాబ్జీ నాగపూరులో ప్రభుత్వాధికారిని చూడవచ్చి, తీరిక దొరికినందున ఎదుటనున్న మ్యూజియములో ప్రవేశించినాడు. అక్కడి భూగర్భ పటములో దుర్గ్ జిల్లా ముదురు రంగుతో కనిపించినది. అది ఇనుమునకు గుర్తు. వెంటనే అమెరికా నిపుణుడు వెల్డ్ మొదలైనవారు ఆ కొండలెక్కి, చాలా మేలైన ఖనిజమును చూచినారు.

మేలైన ఖనిజమన్నది ఎట్లు నిర్ణయిస్తారు? హెమటైట్ అనే ఖనిజములో రెండు ఇనుప పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువులున్నవి. ఇనుము పరమాణు భారము 56, ఆక్సిజన్‌ది 16. అనగా 160 వంతులలో 112 వంతులు, నూటికి 70 వంతులు ఇనుము. స్వచ్ఛమైన హెమటైట్‌లో కూడా ఇంతకు మించి ఉండదు. అందుచేత నూటికి 60 వంతులు దాటిన ఖనిజము శ్రేష్ఠము. తరువాత రాశిని లెక్కించవలెను. ఒక పొర పొడవు 100 మీటర్లు, వెడల్పు 50 మీటర్లు, మందము 10 మీటర్లు అనుకొనండి. ఘనపరిమాణము 50,000 ఘనమీటర్లు. ఘనమీటరు ఖనిజము 4 టన్నులు తూగితే మొత్తము 2,00,000 టన్నులు. నూటికి 60 వంతుల చొప్పున ఇనుము 1,20,000 టన్నులు. పొర మందమును తప్పుగా అంచనా వేసితే లెక్క అంతయు తారుమారగును.

దల్లీ–రాజహరాలో ఖనిజము లెక్కకు నిలిచినది. కాని కోకు చేయుటకు పనికివచ్చే బొగ్గు గాని, చాలినంత నీరు గాని దాపున లేవు. ఆ ఆలోచన అప్పటికి ఆగిపోయినది.

ఇంతలో బోసు జీవితములో మరొక మార్పు వచ్చినది. 1903లో ఆయనకంటె తక్కువ సర్వీసుగల థామస్ హాలండును శాఖకు డైరెక్టరుగా నియమించినారు. బోసు ఉద్యోగము విడిచి, మయూర్‌భంజ్ సంస్థానములో భూగర్భ పరిశీలకుడుగా చేరినాడు. అక్కడ గోరుమహిసాని కొండలో గొప్ప ఇనుప నిక్షేపమును చూచి, 1904 ఫిబ్రవరి 24న జంషెట్జీకి ఉత్తరము వ్రాసినాడు. జంషెట్జీ ఆ మేలోనే మరణించినాడు. కుమారుడు పనిని కొనసాగించినాడు. ఈ కొండకు జరియా బొగ్గు గనులు అందుబాటులో ఉన్నవి.

మిగిలినది నీటి సమస్య. కొలిమి గోడలను చల్లార్చుటకు, కాలిన కోకును ఆర్పుటకు, ఆవిరి పుట్టించుటకు నీరు కావలెను. వర్షాకాలములో పొంగే నదిని చూచి మోసపోరాదు. మండువేసవిలో ఎంత పారుతుందో కొలువవలెను. ప్రవాహపు వెడల్పును, లోతును, వేగమును గుణిస్తే సెకనుకు పారే నీరు తెలుస్తుంది. 20 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు, సెకనుకు 0.3 మీటరు వేగము ఉంటే అది 3 ఘనమీటర్లు, అనగా 3,000 లీటర్లు. చివరకు సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి దగ్గరగా, రైలుమార్గమునకు సమీపాననున్న సాక్చీ గ్రామమును ఎంచినారు. కంపెనీ 1907లో ఏర్పడినది. 1912 ఫిబ్రవరిలో అక్కడ ఉక్కు తయారైనది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చినది.

తెలుగు నేలకు కూడా ఈ సర్వేలతో సంబంధమున్నది. ఉక్కులోని గంధకపు చెడుగును తొలగించి దృఢత్వమునిచ్చే మాంగనీసు కోసం విజయనగరము ప్రాంతములోని కోడూరులో 1892లోనే గనులు త్రవ్వనారంభించినారు. సర్వే శాఖకు చెందిన ఫెర్మర్ 1909లో భారతదేశపు మాంగనీసు నిక్షేపాలపై బృహద్గ్రంథము వెలువరించినాడు. కోడూరులోని ఒక శిలకు ఆయన ఆ ఊరి పేరిట ‘కోడురైట్’ అని పేరు పెట్టినాడు.

బస్తరులోని బైలాడిలా కొండల ఇనుమును గూర్చి కూడా పందొమ్మిదవ శతాబ్దాంతములో తెలిపినవాడు బోసుయే. 1960 దశకములో కొత్తవలస–కిరండోల్ రైలుమార్గము పడిన తరువాత గాని ఆ ఖనిజము విశాఖ రేవు చేరలేదు. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారమునకు బైలాడిలా ఇనుము, గర్భాం మాంగనీసు, జగ్గయ్యపేట సున్నపురాయి, ఏలేరు జలాశయపు నీరు ఆధారాలైనవి. దల్లీ–రాజహరా కూడా వ్యర్థము కాలేదు. 1959లో ఉత్పత్తి మొదలుపెట్టిన భిలాయి కర్మాగారమునకు ఆ కొండలే ఖనిజమిచ్చినవి.

1887లో వ్రాసిన నివేదిక ఆ విధముగా డెబ్బదియేండ్ల తరువాత ఫలించినది. మంచి సర్వే తక్షణ ప్రయోజనమును మాత్రమే చూడదు. నేడు అక్కరకు రాని కొండను, వేసవిలో సన్నగిల్లే వాగును కూడా శ్రద్ధగా కొలిచి నమోదు చేస్తుంది. రైలుమార్గము, బొగ్గు, నీరు ఎన్నడో సమకూడినప్పుడు ఆ కొలతలే మొదటి అడుగగును.