ఇంటి కారు: పెట్రోలా, డీజిలా?

ఆదివారం ఆరాధన ముగిసి చెప్పులు వేసుకునే చోట ఈమధ్య తరచుగా వినబడుతున్న ప్రశ్న ఇది. ఒకప్పుడు మన పల్లెల్లో కారంటే డాక్టరుగారిదో, రైసుమిల్లు యజమానిదో. ఇప్పుడు చేపల చెరువు కౌలుకు తీసుకున్న సహోదరుడు, ఇద్దరూ ఉపాధ్యాయులైన దంపతులు, పిల్లలు కువైట్‌లో ఉన్న తల్లిదండ్రులు కూడా కారు మాట ఎత్తుతున్నారు. సంతోషమే. ముసలి తల్లిని ఆటోలో కుదుపుల మధ్య ఆసుపత్రికి తీసుకెళ్లే బాధ తప్పుతుంది. వానాకాలంలో కూడా కుటుంబమంతా కలిసి మందిరానికి రావచ్చు. అయితే ఇల్లు తరువాత మన కుటుంబాలు చేసే పెద్ద అప్పు చాలాచోట్ల ఇదే. ఐదేళ్లు, ఏడేళ్లు వాయిదాలు కట్టాలి. ఇంజను విషయంలో తొందరపడితే లక్ష రూపాయలకు పైగా అనవసరంగా చేయి జారుతుంది. ఆ లక్షతో ఆడపిల్లను ఒక ఏడాది కాలేజీలో చదివించవచ్చు.

మన ప్రాంతంలో అడగకుండానే దొరికే సలహా ఒకటుంది: డీజిలే తీసుకో, మైలేజీ వస్తుంది, రేటు తక్కువ, పదికాలాలు మన్నుతుంది. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. చేలో నీరు తోడిన ఆయిల్ ఇంజను డీజిలు. ట్రాక్టరు డీజిలు. కైకలూరు, ఆకివీడు నుంచి ఐసు వేసిన చేపలతో కలకత్తా దాకా పోయే లారీ డీజిలు. తాతల నాటి నుంచి మన అన్నం డీజిలు ఇంజను మీద నడిచింది గనుక దానిమీద మనకు గౌరవం. కార్లలో కూడా 1998 చివర టాటా ఇండికా, 2007లో మారుతి స్విఫ్ట్ డీజిలు వచ్చాక ఆ గౌరవం ఇంకా పెరిగింది.

ఆ రోజుల్లో లెక్క కూడా డీజిలు పక్షానే ఉండేది. 2010 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం పెట్రోలు ధరను మార్కెట్టుకు వదిలి, డీజిలు ధరను మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. 2012 మే నెలాఖరున ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటితే డీజిలు 41 రూపాయల లోపే. లీటరుకు 32 రూపాయల తేడా! అప్పుడు డీజిలు కారు కొన్నవారు తెలివైనవారే. కాని 2014 అక్టోబరులో డీజిలు ధరను కూడా వదిలేశారు. 2024, 2025 సంవత్సరాల్లో మన జిల్లాల బంకుల్లో పెట్రోలు 109 రూపాయల ప్రాంతంలో, డీజిలు 97 రూపాయల ప్రాంతంలో ఉంటూ వచ్చాయి. అంటే తేడా పన్నెండు రూపాయలకు పడిపోయింది. సలహా మాత్రం 2012 నాటిదే ఇంకా తిరుగుతోంది.

రెండు ఇంజన్లకూ తేడా ఏమిటో ఒక్క మాటలో చెప్పుకుందాం. పెట్రోలు ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని స్పార్కు ప్లగ్గు అంటిస్తుంది. డీజిలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ ఉండదు. గాలిని విపరీతంగా నొక్కితే అది కాగుతుంది, ఆ వేడిలోకి డీజిలు చిమ్మగానే దానంతట అదే అంటుకుంటుంది. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో దీన్ని పని చేయించి చూపాడు. ఇంత ఒత్తిడికి ఆగాలంటే ఇంజను బరువుగా, దృఢంగా ఉండాలి. అందుకే ధర ఎక్కువ. నూనె మాత్రం తక్కువ తాగుతుంది, నిండుగా జనం ఎక్కినా తడబడకుండా లాగుతుంది.

లూకా సువార్త 14వ అధ్యాయంలో మన ప్రభువు గోపురం కట్టదలచినవాని సంగతి చెప్పాడు. పని మొదలుపెట్టక ముందే అతడు కూర్చుని ఖర్చు చూసుకోవాలి. అది శిష్యత్వాన్ని గూర్చిన మాట, కార్లను గూర్చినది కాదని మాకు తెలుసు. అయినా కూర్చుని లెక్క చూడటం ఇక్కడ కూడా పనికివస్తుంది. పిల్లల నోటుపుస్తకం ఒకటి తీసుకుని, కారు ఉంటే మీరు నెలకు ఎక్కడెక్కడికి వెళ్తారో, ఎన్ని కిలోమీటర్లో రాయండి.

ఒకే రకం కారు, పెట్రోలుది మన రోడ్ల మీద లీటరుకు 16 కిలోమీటర్లు, డీజిలుది 20 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. పైన చెప్పిన ధరల ప్రకారం పెట్రోలు కారుకు కిలోమీటరుకు 6 రూపాయల 80 పైసలు, డీజిలు కారుకు 4 రూపాయల 85 పైసలు పడుతుంది. తేడా రెండు రూపాయలకు కొంచెం తక్కువ. డీజిలు కారు కొనేటప్పుడు 1,25,000 రూపాయలు ఎక్కువ పెట్టారనుకోండి. (లైఫ్ ట్యాక్సు కూడా కారు ధరను బట్టే గనుక అదీ పెరుగుతుంది, దాన్ని ఇక్కడ కలపడం లేదు.)

కొల్లేరు అంచున ఉన్న ఊరినుంచి వారానికోసారి ఏలూరు, ఆదివారం మందిరం, ఎప్పుడైనా బంధువుల ఊరు. ఇలాంటి ఇంటికి నెలకు 600 కిలోమీటర్లు దాటవు. డీజిలు వల్ల నెలకు మిగిలేది 1,175 రూపాయలు. ఎక్కువ పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి దాదాపు తొమ్మిదేళ్లు. అప్పుమీద వడ్డీ కలిపితే ఇంకా ఎక్కువ. నెలకు 250 కిలోమీటర్లే తిరిగే ఇంటికైతే ఇరవై ఏళ్లు దాటుతుంది, అప్పటికి కారే ఉండదు. అదే తాడేపల్లిగూడెం నుంచి వారానికి రెండు మూడుసార్లు విజయవాడ వెళ్లివచ్చే వ్యాపారికి నెలకు 2,000 కిలోమీటర్లు సులువుగా అవుతాయి. అతనికి నెలకు 3,900 రూపాయలకు పైగా మిగులుతుంది, రెండేళ్ల ఎనిమిది నెలల్లో సొమ్ము తిరిగివస్తుంది. అతడు డీజిలు కొనుక్కోవచ్చు.

ఇక్కడితో అయిపోతే సులువే. ఇప్పటి డీజిలు కార్లలో మన పెద్దలకు తెలియని భాగం ఒకటి చేరింది, అసలు చిక్కు దానితోనే. డీజిలు పొగ క్యాన్సరుకు కారణమవుతుందని 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం తేల్చి చెప్పింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 నిబంధన వచ్చింది. దాంతో డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు, డి.పి.ఎఫ్. అంటారు, పెట్టాల్సి వచ్చింది. ఆ ఖర్చు చూసే మారుతి కంపెనీ అప్పటినుంచి డీజిలు కార్లు మానేసింది. పట్టిన మసి ఎక్కడికి పోతుంది? ఇంజను బాగా వేడెక్కి, పొగ 600 డిగ్రీల దగ్గరికి చేరినప్పుడు లోపలే కాలి బూడిద అవుతుంది. అందుకు బండి ఆగకుండా ఓ మాదిరి వేగంతో పదిహేను, ఇరవై నిమిషాలు నడవాలి.

మన బండ్లు ఎలా నడుస్తాయి? బడికి మూడు కిలోమీటర్లు, చెరువు గట్టు మీదికి రెండు, బుధవారం ప్రార్థనకూటానికి నాలుగు. ఇంజను వేడెక్కేలోపే ఆపేస్తాం. మసి కాలదు, ఫిల్టరు మూసుకుపోతుంది, ముందు పలకలో పసుపుదీపం వెలుగుతుంది. చాలామంది ఆ దీపాన్ని పట్టించుకోరు. అది వెలగగానే బండిని ఏలూరు నుంచి గూడెం వైపు జాతీయ రహదారి మీద అరగంట నడిపితే చాలాసార్లు సరిపోతుంది. అశ్రద్ధ చేస్తే కొత్త ఫిల్టరుకు పదుల వేలు, కొన్ని బండ్లకు లక్ష దాటుతుంది. ఫిల్టరు పీకి పారేస్తే పీడ విరగడ అవుతుందని చెప్పే మెకానిక్కులు ఉన్నారు. అది చట్టవిరుద్ధం. పైగా ఆ మసి వెనక సైకిలు మీద బడికి వెళ్లే పిల్లవాని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ పని చేయవద్దు.

కొన్ని డీజిలు బండ్లలో యూరియా ద్రావణం కూడా పోయాలి. రైతు సోదరులకు ఒక హెచ్చరిక: అది పొలంలో చల్లే యూరియా కాదు. శుద్ధిచేసిన నీటిలో 32.5 శాతం కలిపి డబ్బాల్లో అమ్మేది. ఇంట్లో బస్తా ఉంది కదా అని కలిపి పోస్తే మొత్తం వ్యవస్థ పాడైపోతుంది.

ఇక నీళ్ల సంగతి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరంతా కొల్లేరులో చేరి ఒక్క ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలి. వరద ముదిరితే ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికే నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోవడం మనకు కొత్తకాదు. డీజిలు బండి అయితే నీళ్లలో దూసుకుపోతుందని కొందరి ధైర్యం. ఏ ఇంజనైనా గాలి పీల్చుకునే గొట్టంలోకి నీరు వెళ్తే అంతే. గాలి నొక్కుకుపోతుంది, నీరు నొక్కుకుపోదు. లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. డీజిలులో ఒత్తిడి ఎక్కువ గనుక దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ తాళం తిప్పవద్దు, దిగి నెట్టించండి. ఇలా పోయిన ఇంజనుకు మామూలు బీమా సాధారణంగా వర్తించదు. ఇంజను రక్షణ అని విడిగా కొంత కట్టించుకునే పద్ధతి ఉంది. మన ప్రాంతంవారు ఆ కాస్త డబ్బుకు వెనకాడకూడదని మా అభిప్రాయం.

పాత కారు కొనేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో కార్లు రోజుల తరబడి మునిగాయి. శుభ్రం చేసి, రంగు వేసి అమ్మినా సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద చార కనబడుతుంది, సీటు కింది ఇనుము తుప్పు పట్టి ఉంటుంది, తివాచీ ఎత్తితే వాసన చెబుతుంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు బండ్ల మీద 2015 నుంచి ఆంక్షలు రావడంతో అక్కడి పాత బండ్లు చౌకగా ఇతర రాష్ట్రాలకు చేరుతూ వచ్చాయి. మన రాష్ట్రంలో ఆ పదేళ్ల నియమం లేదు. కాని వేరే రాష్ట్రపు బండికి అక్కడి నిరభ్యంతర పత్రం, ఇక్కడ మళ్లీ పన్ను, రిజిస్ట్రేషను ఉంటాయి. ఇవన్నీ కలిపి చూస్తే ఆ చౌకతనం చాలావరకు కరిగిపోతుంది.

పెట్రోలుకూ ఒక లోపం ఉంది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ గనుక మైలేజీ కొద్దిగా తగ్గుతుంది. 2023 ఏప్రిల్ తరువాత తయారైన కార్లు దీనికి తట్టుకునేలా వచ్చాయి. అంతకు ముందువి కొంటే కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చూసుకోండి. సి.ఎన్.జి. కారు కిలోమీటరు ఖర్చులో పెట్రోలు కన్నా చౌక, కాని చాలా కార్లలో సిలిండరు డిక్కీని తినేస్తుంది. పండగకు ఊరెళ్లే కుటుంబానికి అది చిన్న మాట కాదు.

సంఘమంతా చందాలు వేసుకుని పాస్టరుగారికి బండి కొనిచ్చే చోట్ల మేము మరొక మాట చెబుతాం. ఐదారు లంక గ్రామాలు చూసుకునే సేవకుడు నెలకు 2,000 కిలోమీటర్లు తిరగవచ్చు. ఆ అంకె చూడగానే డీజిలు అనిపిస్తుంది. కాని అవన్నీ గట్ల మీద ఐదేసి, ఆరేసి కిలోమీటర్ల ముక్కలైతే ఫిల్టరు బాధ తప్పదు. మరమ్మతు బిల్లు వచ్చిననాడు చందా వేసినవారిని మళ్లీ అడగలేక ఆయన తన జీతంలోంచే కడతారు. కొనేముందు కమిటీ పెద్దలు ఆయనను కూర్చోబెట్టి ఏ రోజు ఏ ఊరు, ఏ దారి అని అడగాలి. షోరూములో కారు ఇచ్చి నడిపి చూడమన్నప్పుడు కూడా హైవే మీద కాక, వీలైతే ఆయన రోజూ వెళ్లే గట్టుదారి మీదికే, నలుగురిని ఎక్కించుకుని తీసుకెళ్లమనండి.