కళాశాల బరిలో చెడుగుడు

ఖమ్మము మొదలుకొని భద్రాచలపు టడవుల యంచు వరకు చెడుగుడు నెరుగని పల్లె యరుదు. ఈ యాటకు బంతియు నక్కరలేదు, కర్రయు నక్కరలేదు. మెత్తని నేలయు, గుక్క నిలుపు నోపికయు నున్న జాలును. అయినను ఆడపిల్ల యీడేరినంతనే ఆ గీత దాటరాదనుట మన యిండ్ల పరిపాటి. అట్టి యాట నేడు కళాశాలలలో బాలికల కెట్టి త్రోవ చూపుచున్నదో సోదరీమణు లెరుగదగినది.

పూర్వము ఊరి కొక తీరున నాడెడివారు. 1936లో విదర్భలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు బెర్లినులో దీనిని ప్రదర్శించిరి. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య యేర్పడి నిబంధనల కొక కుదురు కల్పించెను. పురుషుల యాట 1990లోనే ఆసియా క్రీడలలో చేరెను. స్త్రీల యాట చేరుటకు మరి 20 సంవత్సరములు పట్టెను. 2010లో చేరిన యా తొలి పర్యాయమే మన వనితలు స్వర్ణపతకము గైకొనిరి.

కళాశాల పోటీలు మెట్ల వరుసగా నుండును. ఖమ్మము ప్రాంతపు కళాశాలలు పెక్కు, 1976లో వరంగల్లున వెలసిన కాకతీయ విశ్వవిద్యాలయమునకు అనుబంధించినవి. అంతర కళాశాల పోటీలలో రాణించిన బాలికలను విశ్వవిద్యాలయపు జట్టునకు ఎన్నుకొందురు. ఆ జట్టు దక్షిణ మండల పోటీలకును, అందు నెగ్గినచో అఖిల భారత పోటీలకును పోవును.

బరిలో నిలుచువారు ఏడ్గురు. కూతకు వచ్చిన దానిని 30 సెకండ్లలోపల పట్టవలెనన్న, వీరు చేయి చేయి కలిపి యొక్క గొలుసువలె కదలవలయును. నెలల తరబడి కలిసి సాధన చేసిన పిమ్మట, ప్రయాణపు ముందునాడు ఒక తల్లి "వలదు" అన్నచో, ఆ గొలుసున నొక లంకె యూడును.

తల్లి భయము నిష్కారణము కాదు. వెంట స్త్రీ యెవరు వచ్చెదరు? రాత్రి బస యెచట? దెబ్బ తగిలిన చూచువా రెవరు? ఈ ప్రశ్నలు కళాశాలవారి నడిగి తీరవలెను. తగిన సమాధానము దొరకినపుడు పిల్లను పంపవలెను.

అడవిపల్లెల బాలికల చిక్కు వేరు. పాల్వంచ చెంత కిన్నెరసానిలో గిరిజన విద్యార్థులకై క్రీడాపాఠశాల కలదు. కాని పాఠశాల ముగించి పట్టణపు కళాశాలలో చేరిన పిల్లకు, సాయంకాలపు సాధన ముగియు వేళకు ఊరి కడపటి బస్సు వెడలిపోయిన నేమి గతి? వసతిగృహమున నొక చోటును, కడుపునిండ నన్నమును లేనిదే, పోటీల మెట్లన్నియు ఆమెకు దూరపు కొండలే. బహుమతులు పంచు పెద్దలు ముందుగా ఈ రెంటి మాట చూతురు గాక.