షోటోకాన్ కరాటే ఎవరిది? ఫునాకోషి మాస్టారి కథ

ఈ ఎపిసోడ్‌లో కరాటే గురించి మాట్లాడుకుందాం. పంచ్ ఎలా కొట్టాలి, కిక్ ఎలా ఆపాలి అని కాదు. ఒక స్కూలు మాస్టారి గురించి. ఆయన పేరు గిచిన్ ఫునాకోషి.

మన ఊళ్లలో చూడండి. హైదరాబాద్ అయినా, విజయవాడ అయినా, కరీంనగర్ అయినా, పొద్దున్నే స్కూల్ గ్రౌండ్‌లో తెల్ల డ్రస్సులు వేసుకున్న పిల్లలు ఇచ్, ని, సాన్, షి అని లెక్కపెడుతూ పంచ్‌లు కొడుతుంటారు. ఆ క్లాసుల్లో చాలావాటి బోర్డు మీద షోటోకాన్ అని ఉంటుంది. ఒకే ఏరియాలో అలాంటి క్లాసులు రెండున్నాయనుకోండి, మాదే ఒరిజినల్, వాళ్లది డూప్లికేట్ అనే మాట వినిపిస్తుంది. నేను నేర్చుకునే రోజుల్లోనూ ఇదే గొడవ. మరి ఆ ఒరిజినల్ అంటే ఏంటి? దానికోసమే ఈయన జీవితం చూడాలి.

ఫునాకోషి 1868లో ఒకినావాలో, షురి అనే పట్టణంలో పుట్టారు. ఒకినావా అప్పటికి జపాన్‌లో ఒక జిల్లా కాదు. ర్యూక్యూ అనే చిన్న రాజ్యం. వాళ్ల భాష వేరు, రాజు వేరు, చైనాతో వందల ఏళ్ల వ్యాపారం. 1879లో జపాన్ ఆ రాజ్యాన్ని తనలో కలిపేసుకుంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లాడు. ఎక్కువ కాలం బతకడనే అనుకున్నారట ఇంట్లోవాళ్లు. క్లాస్‌మేట్ వాళ్ల నాన్న అంకో అజాతో కరాటే తెలిసినాయన. ఆయన దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఎప్పుడు? రాత్రిపూట. అప్పట్లో కరాటే బయటికి చెప్పుకునే విద్య కాదు. లాంతరు వెలుగులో, ఇంటి పెరట్లో, ఒక్కటే కటా. కటా అంటే తెలుసుగా, ఎదురుగా మనిషి లేకుండా వరసగా చేసే అడుగులు, దెబ్బలు, అడ్డుకోవడాలు. అజాతో బాగుంది అనేదాకా అదే కటా నెలల తరబడి చెయ్యాలి. ఇంకోటి అడగడానికి లేదు. యూట్యూబ్‌లో రెండు నిమిషాల్లో ఒక కటా చూసేసే మనకి ఇది ఊహకి కూడా అందదు. ఇంకో గురువు అంకో ఇతోసు. కరాటేని ఒకినావా స్కూళ్లలోకి తీసుకొచ్చింది ఈయనే. పిల్లల కోసం పినాన్ అని ఐదు కటాలు తయారుచేశారు.

ఫునాకోషికి డాక్టర్ అవ్వాలని ఉండేది. టోక్యో మెడికల్ స్కూల్ పరీక్ష పాసయ్యారు కూడా. కానీ తల మీద సిగ ఉన్నవాళ్లని అక్కడ చేర్చుకోరు. వీళ్ల కుటుంబానికేమో సిగ తియ్యడమంటే పరువు పోవడమే. అలా ఆగిపోయింది. తర్వాత 1888లో స్కూల్ టీచర్ ఉద్యోగం వచ్చినప్పుడు ఆ సిగ కత్తిరించక తప్పలేదు. ఇంట్లో పెద్ద గొడవ. నాకైతే ఇక్కడే అనిపిస్తుంది, ఆ సిగ కొంచెం ముందు తీసి ఉంటే మనకి ఒక డాక్టర్ మిగిలేవాడు, షోటోకాన్ ఉండేది కాదు అని.

ఇక అసలు మలుపు 1922. టోక్యోలో ఒక వ్యాయామ ప్రదర్శన జరుగుతుంటే ఒకినావా తరఫున ఈయన్ని పంపారు. వయసు 53. నాలుగు రోజులు ఉండి వచ్చేద్దామనే వెళ్లారు. జూడో స్థాపించిన జిగోరో కానో, ఆయన అప్పటికే చాలా పెద్ద మనిషి, తన కొడోకాన్‌కి పిలిపించి ఒకసారి చేసి చూపించమన్నారు. అక్కడినుంచి ఒకరి తర్వాత ఒకరు నేర్పమని అడగడం, ఈయన ఆగిపోవడం. భార్యని రమ్మంటే, పూర్వీకుల సమాధులు వదిలిపెట్టి రానన్నారు. ఆమె ఒకినావాలో, ఈయన టోక్యోలో. ఏళ్లకి ఏళ్లు అలాగే గడిచిపోయాయి.

టోక్యోలో బతుకు ఎలా ఉండేదంటే, ఒకినావా స్టూడెంట్ల హాస్టల్లో ఒక చిన్న గది. దానికి బదులుగా గదులు ఊడవడం, తోట పని, కాపలా. ఒకసారి పత్రికాయన ఒకరు వచ్చి, చీపురు పట్టుకుని ఊడుస్తున్న ముసలాయన్ని, ఫునాకోషి గారు ఎక్కడుంటారని అడిగాడు. ఈయన, ఒక్క నిమిషం అని లోపలికెళ్లి, బట్టలు మార్చుకుని వచ్చి, నేనే ఫునాకోషి అన్నారు. ఇంకోసారి డబ్బుల్లేక పాత టోపీ, ఒక కిమోనో తాకట్టు షాపుకి తీసుకెళ్లారు. అనుకున్నదానికంటే ఎక్కువే ఇచ్చారు. ఎందుకా అంటే, ఆ షాపులో పనిచేసే అబ్బాయి తమ్ముడు ఈయన దగ్గరే కరాటే నేర్చుకుంటున్నాడు! ఇవన్నీ ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నారు.

ఇప్పుడు ఒరిజినల్ సంగతికొద్దాం. మీ తెల్ల డ్రస్, మీ బెల్టు ఉన్నాయే, అవి ఒకినావావి కాదు. జూడో నుంచి తీసుకున్నవి. ఫునాకోషి 1924లో కొంతమంది శిష్యులకి మొదటిసారి బ్లాక్ బెల్ట్ ఇచ్చారు. ఆయన గురువులు అజాతో, ఇతోసు కాలంలో కరాటేలో బెల్టులే లేవు. ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్ అంటూ ఒక్కో పరీక్షకి ఫీజు కట్టేటప్పుడు ఈ ముక్క ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

పేరు కూడా అంతే. కరాటే అని పలికే మాటని ముందు రెండు అక్షరాలతో రాసేవాళ్లు, దానర్థం చైనా చెయ్యి. జపాన్ భాషలో అదే శబ్దానికి ఇంకో అక్షరం ఉంది, దాంతో రాస్తే ఖాళీ చెయ్యి. ఆ రెండో రాతని 1905లోనే ఒక ఒకినావా మాస్టర్ వాడారు, కానీ గట్టిగా పట్టుకుని దేశమంతా తిప్పింది ఫునాకోషి. ఆయుధం లేని చెయ్యి అని ఒక అర్థం, మనసులో చెడు లేకుండా ఖాళీ చేసుకోవడం అని బౌద్ధంలోంచి ఇంకో అర్థం చెప్పారు. కానీ చుట్టూ కాలం చూడండి. అవి 1930లు. జపాన్ చైనా మీద పడి ఉంది. పేరులోనే చైనా ఉన్న విద్యని టోక్యోలో ఎవరు నేర్చుకుంటారు? కటాల పేర్లూ మార్చేశారు. పినాన్ కాస్తా హెయాన్ అయింది. కుషాంకు అనేది ఒక చైనా ఆయన పేరు మీద వచ్చిన కటా, అది కాన్‌కు అయింది. ఒకినావాలో చాలామంది దీనికి బాధపడ్డారు. వాళ్ల బాధలో న్యాయం ఉందనే నేనంటాను. రాజ్యం పోయింది, ఇప్పుడు విద్యలో ఊరి గుర్తు కూడా పోతోంది. కాకపోతే, మార్చకపోతే మన దాకా వచ్చేదా అంటే, కష్టమే.

షోటోకాన్ అన్న పేరైతే ఆయన పెట్టిందే కాదు. కుర్రతనంలో కవితలు రాసేటప్పుడు షోటో అని కలం పేరు పెట్టుకున్నారు. పైన్ చెట్లలో గాలి వీచినప్పుడు అలల్లా వచ్చే చప్పుడు అని అర్థం. కాన్ అంటే హాల్. 1930ల్లో శిష్యులు చందాలు వేసుకుని టోక్యోలో ఒక డోజో కట్టి, మాస్టారి కలం పేరుతో బోర్డు పెట్టారు. అంటే అది బిల్డింగ్ పేరు. ఆయన మాత్రం నాదొక స్టైల్ అని ఎప్పుడూ అనలేదు. కరాటే అంతా ఒక్కటే అనేవారు.

మనం ఇవాళ షోటోకాన్ అనగానే కనిపించే ఆ లోతైన స్టాన్సులు, ఎత్తు కిక్కులు ఎక్కువగా ఆయన మూడో కొడుకు గిగో తెచ్చినవి. తండ్రి పాత ఫొటోలు చూడండి, చాలా నిటారుగా నిలబడి ఉంటారు.

ఇక ఫైటింగ్. ఫునాకోషికి పోటీలు అస్సలు ఇష్టం లేదు. కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదన్నది ఆయన పట్టుదల. 1920ల చివర్లో టోక్యో యూనివర్సిటీ కుర్రాళ్లు కవచాలు కట్టుకుని నిజంగా కొట్టుకోవడం మొదలుపెడితే, అక్కడ నేర్పడమే మానేశారు. పలకలు, పెంకులు పగలగొట్టి గొప్పలు చెప్పుకోవడం కూడా ఆయన దృష్టిలో కరాటే కాదు. మన స్కూల్ యానివర్సరీల్లో బెంగుళూరు పెంకులు దొంతర పెట్టి పగలగొడితే చప్పట్లు మోగిపోతాయి కదా, ఆయన చూస్తే లేచి వెళ్లిపోయేవారేమో.

1945 ఆయన్ని మొత్తం ఖాళీ చేసేసింది. బాంబింగ్‌లో డోజో కాలిపోయింది. ఒకినావా యుద్ధంలో దాదాపు లక్షమంది సామాన్యులు చచ్చిపోయారని అంచనా. గిగో టీబీతో అదే ఏడాది పోయాడు. భార్య ఒకినావా నుంచి క్యూషూకి చేరితే ఈయన అక్కడికెళ్లి కలిశారు. అన్నేళ్ల తర్వాత కలిసి ఉన్నది కొద్దికాలమే. 1947లో ఆమె కూడా పోయారు. దాదాపు 80 ఏళ్ల వయసులో ఒంటరిగా మళ్లీ టోక్యో వచ్చారు.

మరి స్టైల్ ప్రపంచమంతా పాకింది ఎప్పుడంటే, ఆ తర్వాతే. యుద్ధం నుంచి బతికొచ్చిన శిష్యులు 1949లో జపాన్ కరాటే అసోసియేషన్ పెట్టారు. 1953లో అమెరికా ఎయిర్ ఫోర్స్ తన బేసుల్లో నేర్పడానికి జూడో, ఐకిడో వాళ్లతో పాటు వీళ్లనీ పిలిచింది. ఒకినావాని బూడిద చేసిన దేశమే ఒకినావా విద్యని ఇంటికి తీసుకెళ్లిందన్నమాట. తర్వాత మసతోషి నకయామా ఇన్‌స్ట్రక్టర్ల కోసం ఒక ట్రైనింగ్ కోర్సే పెట్టారు. అక్కడ తయారైనవాళ్లని దేశాలకి పంపారు. కనజావా హవాయికి, ఎనోయెదా ఇంగ్లండ్‌కి, ఇంకా చాలామంది.

పంపితే సరిపోదుగా, జనాన్ని లాగేది ఒకటి ఉండాలి. అది పోటీ. ఫునాకోషి 1957 ఏప్రిల్‌లో చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో మొట్టమొదటి ఆల్ జపాన్ చాంపియన్‌షిప్! కనజావా విరిగిన చేత్తో ఫైట్ చేసి గెలిచాడు. నాలాంటి వాళ్లం ఆ కథ విని ఊగిపోయి క్లాసులో చేరినవాళ్లమే, కాదనను. కానీ ఆ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే కొంచెం గుచ్చుకుంటుంది. అంత్యక్రియలు ఎవరి ఆధ్వర్యంలో జరగాలన్న దగ్గరే శిష్యులు రెండుగా చీలిపోయారు. పోటీలు వద్దన్న వర్గం షోటోకాయ్ అయింది. జపాన్ కరాటే అసోసియేషన్ అసలు అంత్యక్రియలకే రాలేదు. తర్వాత అందులోంచి కూడా కనజావా బయటికొచ్చి ఇంకో సంస్థ పెట్టుకున్నాడు. మన వీధిలో ఆ రెండు బోర్డులు తిట్టుకోవడం, అక్కడ మొదలైన కథకి కొనసాగింపే.

కాబట్టి మీ తమ్ముడినో చెల్లినో క్లాసులో చేర్చేటప్పుడు, మీది ఒరిజినలేనా అని అడగొద్దు. ఈ కటాలో ఈ చెయ్యి ఇలా ఎందుకు తిప్పాలి సార్ అని అడగండి. చెప్పగలిగితే, చేసి చూపించగలిగితే చేర్చండి. మా సార్ ఇలాగే చెప్పారు అంతే అంటే, ఇంకో క్లాసు చూసుకోండి.

ఒక్క విషయం చెప్పి ఆపేస్తాను. కరాటే ఒలింపిక్స్‌కి వెళ్లింది ఇప్పటిదాకా ఒక్కసారే, టోక్యో 2020, అది జరిగింది 2021లో. మగవాళ్ల కటాలో గోల్డ్ కొట్టిన ర్యో కియునా ఒకినావా వాడు. అది షోటోకాన్ కాదు, ర్యూయేర్యూ అని ఒకినావాలోనే ఉండిపోయిన స్టైల్. మెడల్ తీసుకునేటప్పుడు చేతిలో వాళ్లమ్మ ఫొటో పట్టుకుని నిలబడ్డాడు. వీడియో దొరుకుతుంది, చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో గోజూర్యూ, చోజున్ మియాగీ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.