చేపల తొట్టెకు ఏ ఫిల్టర్ కొనాలి? మూడొందలదా, పదివేలదా?



విశాఖ ఆర్కే బీచ్‌లో మత్స్యదర్శిని చూసి వచ్చిన పిల్లలు ఇంటికి రాగానే అడిగేది ఒకటే: "మనమూ అక్వేరియం పెట్టుకుందాం." సెలవు రోజున పలాస వెళ్తే ట్యాంకు, రంగు రాళ్లు, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు ఒక్క పూటలో ఇంటికి వచ్చేస్తాయి. ఆలోచనలో పడేసేది ఫిల్టరే. ఒకటి రెండు మూడొందల్లో దొరుకుతుంది, ఇంకొకటి పదివేలు దాటుతుంది. రెండింటి పెట్టె మీదా "నీటిని శుభ్రం చేస్తుంది" అనే ఉంటుంది.

చవకది కొన్నాక రెండు వారాల్లో చేపలు పోతే, ఖరీదైనది కొనకపోవడం వల్లే ఇలా జరిగిందని అనుకుంటాం. ఖరీదైనది కొన్నా పోతే, పిల్లవాడు మేత ఎక్కువ వేశాడని వాణ్ని కోప్పడతాం. ఫిల్టర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ రెండూ తప్పుతాయి.

ఫిల్టర్ చేసే మూడు పనులు

మొదటిది వడకట్టడం. మిగిలిన మేతను, రెట్టను, కుళ్లిన ఆకులను స్పాంజ్ పట్టి ఉంచుతుంది. కంటికి కనిపించే పని ఇదే కాబట్టి అందరం దీన్నే చూస్తాం.

రెండోది రంగు, వాసన తీయడం. కొన్ని ఫిల్టర్లలో బొగ్గు పొడి ఉంటుంది. ఇది ఉంటే మంచిదే, లేకపోయినా నడుస్తుంది.

మూడోది కంటికి కనిపించదు, చేప ప్రాణం మాత్రం దాని మీదే ఉంటుంది. చేప తన మొప్పల ద్వారా నీటిలోకి అమ్మోనియా వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియాయే వస్తుంది. చెరువులో నీరు చాలా ఎక్కువ కాబట్టి ఇబ్బంది ఉండదు. యాభై లీటర్ల ట్యాంకులో అది కొద్ది రోజుల్లోనే మొప్పలను కాల్చేంత పెరుగుతుంది. నీరు అద్దంలా మెరుస్తున్నా అందులో విషం ఉండవచ్చు.

ఈ అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా ప్రమాదమే, అది చేప రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. నైట్రేట్ మాత్రం మోతాదు మించనంత వరకు పెద్దగా హాని చేయదు, వారం వారం కొంత నీరు మారిస్తే సరిపోతుంది. మీ పిల్లల హైస్కూల్ సైన్స్‌లో వచ్చే నత్రజని చక్రం ఇదే. ఈ బ్యాక్టీరియాను రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890లో గుర్తించాడు. ఆయన చదివింది నేలలోని బ్యాక్టీరియాను. మీ ట్యాంకులోనూ జరిగేది అదే పని.

కొనలేని భాగం

అంటే ఫిల్టర్ అనేది బ్యాక్టీరియాకు మనం కట్టించే ఇల్లు. మూడొందలు పెట్టినా పదివేలు పెట్టినా షాపులో ఇచ్చేది ఖాళీ ఇల్లే. అందులో బ్యాక్టీరియా చేరి, సరిపడా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త ట్యాంకుల్లో మొదటి నెలలోనే చేపలు పోవడానికి ముఖ్య కారణం ఇదే.

కాబట్టి ముందు ట్యాంకులో నీళ్లు నింపి, ఫిల్టర్ ఆన్ చేసి, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా అవుతుంది, దాని మీద బ్యాక్టీరియా పెరుగుతుంది. టెస్ట్ కిట్‌తో చూసినప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగితే ఇక చేపలను తేవచ్చు. తెలిసినవాళ్ల ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న పాత ట్యాంకు ఉంటే, వాళ్ల స్పాంజ్ ముక్క ఒకటి తడిగానే తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. సగం సమయం ఆదా అవుతుంది.

చేపలు ఇప్పటికే వచ్చేసి ఉంటే మేత బాగా తగ్గించి, రెండు రోజులకోసారి నాలుగో వంతు నీరు మార్చండి.

ధర పెరిగితే ఏం మారుతుంది?

షాపును బట్టి ధరలు మారతాయి. రకాలు మాత్రం స్థూలంగా ఇవి.

స్పాంజ్ ఫిల్టర్: ఎయిర్ పంపు గాలితో నడుస్తుంది. పంపుతో కలిపి నాలుగైదు వందల్లో వస్తుంది. పాడవడానికి ఇందులో ఉన్నది పంపు ఒక్కటే. నీటిలోకి గాలి కూడా ఇస్తుంది. ట్యాంకులో కనిపిస్తూ ఉంటుంది, పంపు కొంచెం గుయ్యిమంటుంది.

లోపల మునిగి ఉండే మోటారు ఫిల్టర్, అద్దం అంచుకు తగిలించే హ్యాంగింగ్ ఫిల్టర్: ఐదొందల నుంచి రెండు మూడు వేల వరకు. సోబో, ఆర్ఎస్ వంటి పేర్లతో మన షాపుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. చెత్త బాగా లాగుతాయి. స్పాంజ్ చిన్నదైతే బ్యాక్టీరియాకు చోటు తక్కువ.

క్యానిస్టర్: ట్యాంకు కింద అరలో పెట్టే మూత బిగించిన డబ్బా. నాలుగైదు వేల నుంచి ఇరవై వేలు దాటి కూడా ఉంటుంది. జర్మనీకి చెందిన ఐహైమ్ సంస్థ 1960ల నుంచి ఇలాంటివి చేస్తోంది. ఫ్లూవల్ మరో పేరున్న బ్రాండ్. లోపల చోటు చాలా ఎక్కువ, చప్పుడు దాదాపు ఉండదు, పేరున్న కంపెనీలైతే రబ్బరు రింగు, ఇంపెల్లర్ వంటి విడిభాగాలు విడిగా దొరుకుతాయి. అదనపు డబ్బు వీటికే. చేపకు మాత్రం ఖరీదైన ఫిల్టర్ నీరు, చవక ఫిల్టర్ నీరు అన్న తేడా తెలియదు. అమ్మోనియా సున్నా ఉంటే రెండూ ఒకటే.

కొనే ముందు ఒక లెక్క వేయండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 55 లీటర్లు పడతాయి. గంటకు ట్యాంకు నీరంతా నాలుగైదు సార్లు ఫిల్టర్ గుండా తిరిగితే చాలు. అంటే గంటకు 220 నుంచి 275 లీటర్లు. పెట్టె మీద రాసిన అంకె ఖాళీ ఫిల్టర్‌ది. స్పాంజ్ నింపి, అది మురికి పట్టాక తగ్గుతుంది కాబట్టి కొంచెం ఎక్కువ ఉన్నది చూడండి. అలాగని గంటకు వెయ్యి లీటర్లు లాగేది ఆ చిన్న ట్యాంకుకు పెడితే చేపలు రోజంతా ఏటికి ఎదురీదినట్టే. ఫైటర్ చేపలకు, గప్పీలకు అది శిక్ష.

కరెంటు ఖర్చూ చూడండి. ఫిల్టర్ ఇరవై నాలుగు గంటలూ నడవాలి. 3 వాట్ల ఎయిర్ పంపు నెలకు సుమారు 2 యూనిట్లు, 20 వాట్ల క్యానిస్టర్ సుమారు 14 యూనిట్లు తీసుకుంటాయి.

కరెంటు పోతే?

ఉద్దానంలో ఫిల్టర్ కొనేవాళ్లు అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట వాళ్లకు చెప్పనక్కర్లేదు. అంత పెద్దది రాకపోయినా, గాలివాన పడితే గంటల తరబడి కోత మనకు మామూలే.

ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. క్యానిస్టర్ మూసి ఉన్న డబ్బా. కరెంటు పోయి నీరు కదలడం ఆగితే, లోపలి ఆక్సిజన్ కొన్ని గంటల్లో అయిపోయి బ్యాక్టీరియా చనిపోవడం మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లిన నీరంతా ఒక్కసారి ట్యాంకులోకి వస్తుంది. అందుకే చాలాసేపు ఆగిన క్యానిస్టర్‌ను విప్పి, లోపలి నీరు పారబోసి, ట్యాంకు నీటితో కడిగాకే మళ్లీ వేయాలి.

స్పాంజ్ ఫిల్టర్ ట్యాంకులోనే, తెరిచిన నీటిలో ఉంటుంది. టార్చిలైటు బ్యాటరీలతో నడిచే చిన్న ఎయిర్ పంపు తగిలిస్తే ఆగకుండా నడుస్తుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మూడు వాట్లు లెక్కలోకే రావు. మన తీరానికి ఇది చిన్న సౌకర్యం కాదు. కరెంటు లేనప్పుడు మేత కూడా ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న చేప కొన్ని రోజులు తినకపోయినా ఏమీ కాదు.

ఇంకో జాగ్రత్త. ఎయిర్ పంపును నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టండి, లేదా పైపులో పది ఇరవై రూపాయల నాన్‌రిటర్న్ వాల్వ్ వేయండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీరు వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడి నుంచి నేల మీదికి దిగుతుంది. వైరు ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా చూస్తే, వైరు వెంట జారే నీటి చుక్కలు ప్లగ్గులోకి పోవు. ట్యాంకులో చేయి పెట్టే ముందు స్విచ్చి కట్టేయడం పిల్లలకు మొదటి రోజే నేర్పండి.

ఏ నీళ్లు పోయాలి?

కిడ్నీ జబ్బుల భయంతో మన ప్రాంతంలో తాగడానికి ఆర్ఓ క్యాన్ నీళ్లు వాడే ఇళ్లు ఎక్కువ. మనకు మంచివి చేపకు ఇంకా మంచివి కదా అని కొందరు అవే పోస్తారు. ఆర్ఓలో లవణాలు చాలావరకు పోతాయి. బ్యాక్టీరియా తన పని చేస్తూ నీటిలోని క్షార గుణాన్ని ఖర్చు చేస్తుంది. ఆర్ఓ నీటిలో అది ముందే తక్కువ కాబట్టి నీరు త్వరగా ఆమ్లంగా మారి, బ్యాక్టీరియా పని మందగిస్తుంది. ఉప్పదనం లేని నుయ్యి నీళ్లు గానీ, ఆర్ఓతో సగం సగం కలిపినవి గానీ మేలు.

హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. కుళాయి నీళ్లు వాడేవాళ్లు క్లోరిన్ సంగతి గుర్తుంచుకోవాలి. క్లోరిన్ వేసేదే బ్యాక్టీరియాను చంపడానికి, అది మంచిదా చెడ్డదా అని చూడదు. బకెట్‌లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచండి, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి.

ఇదే కారణంతో స్పాంజ్‌ను కుళాయి కింద కడగకూడదు. ట్యాంకు నుంచి తీసిన నీటిలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి. తెల్లగా వచ్చేదాకా ఉతికితే నెల రోజుల పని పోయినట్టే. ఎంత ఖరీదైన ఫిల్టర్‌నైనా ఆదివారం సబ్బు పెట్టి కడిగితే సోమవారానికి అది మళ్లీ ఖాళీ ఇల్లే.

మరి ఏది కొనాలి?

యాభై అరవై లీటర్ల ట్యాంకు, గప్పీలో మోలీలో ఫైటరో అయితే మంచి స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంపు, దానికి తోడు బ్యాటరీ పంపు. మొత్తం వెయ్యి పదిహేను వందల్లో అయిపోతుంది. మిగిలిన డబ్బుతో టెస్ట్ కిట్ కొనండి.

గోల్డ్‌ఫిష్‌లు కావాలంటే ముందు ట్యాంకు పెద్దది తీసుకోండి. అవి పెద్దగా పెరుగుతాయి, చెత్త ఎక్కువ చేస్తాయి. వంద లీటర్ల వరకు హ్యాంగింగ్ ఫిల్టర్, దానితో పాటు ఒక స్పాంజ్ ఫిల్టర్ పెడితే ఒకటి ఆగినా ఇంకొకటి ఉంటుంది.

నూటయాభై, రెండొందల లీటర్లు దాటిన ట్యాంకు, హాల్లో చప్పుడు ఉండకూడదనే పట్టుదల, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే క్యానిస్టర్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు. అప్పుడు కూడా విడిభాగాలు దొరికే బ్రాండే తీసుకోండి.

"సక్కర్ చేప వేస్తే అదే శుభ్రం చేస్తుంది" అనే మాట నమ్మకండి. అది పాచి తింటుంది, కానీ అదీ అమ్మోనియా వదిలేదే. పెరిగాక చోటు చాలక, దాన్ని చెరువులోనో తంపరలోనో వదిలేస్తే అక్కడి చేపలకు ముప్పు. ఏ అక్వేరియం చేపనైనా అలా వదలవద్దు. అక్కర్లేకపోతే షాపుకు తిరిగి ఇవ్వండి.

పిల్లల చేతికి ఏం ఇవ్వాలి?

మేత డబ్బాతో పాటు ఒక నోటు పుస్తకం కూడా ఇవ్వండి. మొదటి ఆరు వారాలు మూడు రోజులకోసారి అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ ఎంత ఉన్నాయో పిల్లలే చూసి తేదీ వేసి రాయాలి. అమ్మోనియా పెరిగి తగ్గడం, ఆ తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గడం, చివరికి నైట్రేట్ రావడం గ్రాఫులో గీస్తే నత్రజని చక్రం పాఠం వాళ్లకు బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఆరు వారాలు చేపల్లేని ట్యాంకు చూస్తూ ఓపిక పట్టడం పిల్లలకు కష్టమే. "ఎప్పుడు తెస్తాం నాన్నా?" అని రోజూ అడుగుతారు. "నీ నోటు పుస్తకంలో రెండు సున్నాలు పడిన రోజున" అని చెప్పండి. ఆ రోజు వచ్చాక, చేపలను ఎంచుకునే పని వాళ్లకే వదిలేయండి.